మెరవణి బండికి మూపురం

అత్త పోయిన కబురు నాకు నోటితో చెప్పనక్కర్లేకపోయింది. నెల్లూరులో నేనుంటున్న గది ముందు రిక్షా ఆగి, అందులోంచి అత్త కారు డ్రైవర్ భాయి దిగాడు. ఇన్నేళ్లలో ఆయన నాకోసం ఎప్పుడొచ్చినా ఆ కారులోనే వచ్చాడు. వీధి మలుపులో ఉండగానే ఇంజను గుర్రు వినిపించేది, నేను చెప్పులు వెతుక్కునేదాన్ని. ఆ రోజు ఉదయగిరి బస్సు దిగి, రిక్షా ఎక్కి, టోపీ చేత్తో నలుపుకుంటూ వచ్చాడు. "తెల్లారేతలికి పోయిందమ్మా. నిద్రలోనే," అన్నాడు. తర్వాత, "బండి తీద్దామంటే చెయ్యి రాలేదు," అన్నాడు.

అత్త అంటే మా నాయనకు అక్క. ఉదయగిరిలో, కొండ నీడ సాయంత్రానికి గుమ్మం దాకా వచ్చే వీధిలో ఒక్కతే ఉండేది. మామ బతికున్న రోజుల్లో గూడూరు వైపు మైకా గనుల యజమాని ఒకాయన దివాలా తీసి సామాన్లు అమ్మేస్తుంటే, వెళ్లినవాళ్లందరూ బీరువాలూ పందిరి మంచాలూ తెచ్చుకున్నారు. మామ మాత్రం ఒక అమెరికా కారు తెచ్చుకున్నాడు. ఎనిమిది సిలిండర్ల పెట్రోలు ఇంజను, వెనక చేపతోకలా లేచిన రెక్కలు, లేత ఆకుపచ్చ రంగు. మామ పోయాక అత్తకు మిగిలినవి దుత్తలూరు దగ్గర కాస్త మెట్టపొలం, ఈ కారు. పొలం కౌలుకిచ్చేసింది. కారును మాత్రం ఎవరికీ ఇవ్వలేదు. భాయిని డ్రైవరుగా పెట్టుకుని పెళ్లిళ్లకు బాడుగకు తిప్పడం మొదలుపెట్టింది. అటు ఆత్మకూరు నుంచి ఇటు కొండాపురం దాకా, కాస్త ఉన్నవాళ్ల ఇంట పెళ్లంటే మెరవణికి ఆ కారే రావాలి. వధూవరులు వెనక సీట్లో, ముందు మేళం, చుట్టూ పెట్రోమాక్సు దీపాలు.

ఆమెతో బస్సెక్కడం ఒక వేడుక. సరిగ్గా డ్రైవర్ వెనక సీట్లో కూచుని, కళ్లు మూసుకుని, ఇంజను మాట వింటూ గొణిగేది. "మార్చు నాయనా, గేరు మార్చు. అది ఏడస్తా ఉండాది." ఒకసారి ఆ డ్రైవర్‌కు ఒళ్లు మండింది. "నువ్వే వచ్చి కూచో అవ్వా," అన్నాడు. "లెయ్యి మరి, కూచుంటా," అంది అత్త, నిజంగానే లేచి నిలబడి. బస్సంతా నవ్వింది. ఆమె నవ్వలేదు. ఇతర ఆడవాళ్లు కొంగున తాళాలు ముడేసుకుంటారు. ఆమె స్పార్కు ప్లగ్గు ముడేసుకునేది. కారు ఎక్కడికి వెళ్లొచ్చినా ఒక ప్లగ్గు విప్పించి, దాని మొనను ఎండలోకి పట్టుకుని చూసేది. ఇటికరాయి రంగులో ఉంటే ఇంజను బాగా కాలుస్తున్నట్టు, మసి పట్టి ఉంటే పెట్రోలు ఎక్కువ మింగుతున్నట్టు. చూసి, "కడుపు బాగుండాది," అని మళ్లీ బిగించమనేది. అంతా అయ్యాకే "అన్నం తిన్నావా భాయ్?" అని అడిగేది. ఆ వరసకు భాయి ఏ రోజూ నొచ్చుకోలేదు.

నేను డిగ్రీ ముగించి, ఏం చేయాలో తేలక, ఆత్మకూరులో మా ఇంట్లో కాలు నిలవక అత్త దగ్గరికి వచ్చేసిన ఏడాది ఆ కారు అలిసిపోయింది. సీతారామపురం వైపు కొండరోడ్డు ఎక్కుడులో ఒక పెళ్లివారిని దించేసి, ఖాళీ కారు ఎక్కించాల్సి వచ్చింది. బాసికం కట్టుకున్న పెళ్లికొడుకు పంచె ఎగ్గట్టి కారు వెనక నడిచాడని ఊరూరా చెప్పుకున్నారు. ఆ మాట చెవిన పడి మా నాయన ఆత్మకూరు నుంచి వచ్చాడు.

"డీజిల్ ఇంజనన్నా ఏయించు, లేకుంటే అమ్మేసెయ్యి అక్కా. వచ్చి మా ఇంట్లో ఉండు. ముద్దకు కరువా నీకు?"

"పిండిమర ఇంజను ఏసి దానిమీద పెళ్లికూతుర్ని కూచోబెట్టమంటావా? దడదడకు పూలజడ రాలిపోతాది," అంది అత్త. తర్వాత నెమ్మదిగా, "ముద్దకు కరువు లేదురా. మీ ఇంట్లో నాకు పనేంది? పొద్దున లేస్తే నీ పెళ్లాం ఏం తరగమంటాదో అని చూస్తా కూచోవాల. ఈడైతే నలుగురు గుమ్మంలోకి వచ్చి, అమ్మా, బండి ఉండాదా అంటారు. ఆ మాట కోసం ఉండా నేను."

నాయన మాటలో చెడు లేదు. అక్క ఒంటరిగా ఉంటే తమ్ముణ్ని ఊరు అడుగుతుంది. కానీ ఆ కారు పోతే అత్త ఏమవుతుందో నాకు అప్పుడు తెలిసింది. మా వంటింట్లో పీటమీద కూచుని, ఎవరైనా పని చెబుతారేమోనని ఎదురు చూసే మనిషవుతుంది.

కారు బాగోగులు చూసేది ఆత్మకూరు మేస్త్రి. నెల్లూరు రోడ్డులో రేకుల షెడ్డు, ఎప్పుడూ లారీలే. మనసంతా మాత్రం అత్త కారు మీదే. లారీ సామాన్ల కోసం మద్రాసు వెళ్లినప్పుడు పాత ఇనుము అంగట్లో ఆయనకో వస్తువు దొరికింది. ఓడలో వాడి పారేసిన డీజిల్ ఇంజనుకు ఉండేదట. పేరు సూపర్‌చార్జర్. ఇంజనుతో పాటు బెల్టు మీద తిరుగుతూ, గాలిని బలవంతంగా దాని గొంతులోకి తోస్తుంది. గాలి ఎక్కువైతే పెట్రోలు ఎక్కువ కాలుతుంది, బలం ఎక్కువవుతుంది. మేస్త్రి దాన్ని గోనెపట్టా మీద పెట్టి, ఉయ్యాల్లో బిడ్డను చూపించినట్టు చూపించాడు. దాంతో పాటు పాత పుస్తకాల అంగట్లో కొన్న ఒక అమెరికా మోటారు పత్రిక కూడా తెచ్చాడు. అందులో ఒక పెద్ద వ్యాసం, బలమైన కార్లకు ఇంకా బలం ఎలా తెచ్చుకోవాలి, బయట దొరికే సామాన్లలో ఏది ఎంచుకోవాలి అని. చదివి తెలుగులో చెప్పడం నా వంతు.

"చెప్పు మేయ్, ఏం రాసినారు ఆ దొరలు?" అంది అత్త, తిరగేసిన డబ్బా మీద కూచుని.

"మొదట మీ కారును ఏ పనికి వాడతారో తేల్చుకోండి. తర్వాత వేడి సంగతి..."

"ఆ నీతులు ఇంట్లో చదూకుందాం. బొమ్మలకాడికి పో."

బొమ్మల దగ్గరికి పోయాను. గాలీ పెట్రోలూ కలిపే రెండు గొంతుల కార్బురేటర్. "పెట్రోలు తాగుతాది, వద్దు." వెడల్పాటి సైలెన్సర్ గొట్టం. "మోత ఎక్కువైతే నాదస్వరం ఎట్టా వినబడతాది? వద్దు." వాల్వులను ఎక్కువసేపు తెరిచి ఉంచే కొత్త కామ్‌షాఫ్టు: పెద్ద వేగంలో బలం, చిన్న వేగంలో మాత్రం ఇంజను తడబడుతుంది. "నా బండికి నత్తి రావాల్నా? వద్దు." ఒక్కొక్కటీ చీరల అంగట్లో మడతలు పక్కకు తోసినట్టు తోసేసింది. చివరికి సూపర్‌చార్జర్.

"ఇది ఏస్తే ఎక్కుడు ఎక్కుతాదా?"

"ఎక్కుడేందమ్మా, మిద్దెక్కుతాది," అన్నాడు మేస్త్రి.

భాయి ఒక్కడే తల గోక్కున్నాడు. "ఇంత పొడుగుంటే బానెట్ ఎట్ట మూస్తాం?"

మూయలేకపోయారు. బానెట్‌కు నలుచదరంగా కిటికీ కోశారు. అందులోంచి సూపర్‌చార్జర్ జానెడు పైకి లేచి, దాని నెత్తిన కార్బురేటర్ కూచుంది. ఉదయగిరి బజార్లో పిల్లలు చూడగానే పేరు పెట్టేశారు: మూపురం బండి. ఒంగోలు గిత్తకు ఉన్నట్టే ఉండేది మరి.

మొదటిరోజు పరుగు నేను మరిచిపోలేను. ఆత్మకూరు దాటి ఖాళీ రోడ్డు రాగానే భాయి కాలు కిందికి నొక్కాడు. సీటు నన్ను వెనక్కి లాక్కుంది. ఈలలాంటి చప్పుడు సన్నగా మొదలై పైకి పోయింది. ఎక్కుడు గేరు మార్చకుండా ఎక్కేసింది. పైకి వెళ్లాక భాయి ఆపి, స్టీరింగు మీద తల పెట్టుకుని నవ్వాడు. అత్త వెనక సీట్లో కొంగు జారిపోయిన సంగతి కూడా ఎరగక, "ఇంకోసారి పోనీ భాయ్, ఇంకోసారి," అంటోంది. ఆమెకు అప్పటికి అరవై దాటాయి.

తర్వాతి పెళ్లి కొండాపురంలో. ఎండాకాలం, సాయంత్రమైనా నేల పొగలు కక్కుతోంది. అత్త రాలేదు. పెళ్లిళ్లకు ఆమె వెళ్లేది కాదు. "నేను ముందు నడవకూడదంట, నా బండి మాత్రం ముందు నడవాలంట," అని నవ్వేసేది. నేను భాయి పక్కన కూచున్నాను. మేళం ప్రతి గుమ్మం ముందూ ఆగుతుంది, హారతి పళ్లెం వస్తుంది, నాదస్వరం ఆయన కీర్తన ముగించేదాకా కారు నిలబడాలి. మళ్లీ నాలుగడుగులు. మళ్లీ ఆగడం. ఊరు సగం తిరిగేసరికి వేడి చూపే ముల్లు ఎర్రగీత దాటింది. భాయి నా వైపు చూశాడు. అంతలోనే మూపురం చుట్టూ బుస్సుమని ఆవిరి లేచింది. డోలు వాయించే ఆయన డోలుతో సహా పక్కకు గెంతాడు.

"ఏంది భాయ్, ఇది కారా, ఇడ్లీ పాత్రా?" అన్నాడు పెళ్లికొడుకు మేనమామ. అందరూ నవ్వారు గానీ ఆయన నవ్వలేదు. వధూవరులు దిగి నడిచారు.

ఇంటికొచ్చి చెబితే అత్త మొదట అడిగింది, "పెళ్లికూతురికి ఆవిరి తగల్లేదు గదా?" అని. తగల్లేదన్నాను. "ఎంత వేగంలో పోతా ఉండినారు?"

"నడక."

ఆమె కొంగున ముడి విప్పి ప్లగ్గు చేతిలోకి తీసుకుంది. తర్వాత నుదురు కొట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. "మేయ్, అన్నీ నేనే అడిగినా. నాదస్వరం వినబడాల అన్నా, నత్తి రాకూడదన్నా. బండి నడిచేది మేళం వెనకాలని నాకే గుర్తు లేకపోయె. ఎక్కుడు ఒక గడియ. మెరవణి నాలుగు గడియలు. నేను ఎక్కుడు చూసి కొన్నా."

నవ్వింది గానీ తర్వాత రోజులు నవ్వేలా లేవు. కబురు పాకింది. కారు మాట్లాడుకున్నవాళ్లు ఒక్కొక్కరే వచ్చి, కావలి నుంచి వేరే కారు తెప్పించుకుంటున్నామని మొహమాటంగా చెప్పి వెళ్లారు. నాయన మళ్లీ వచ్చాడు. ఈసారి కూచోలేదు.

"ఇంకొక్క పెళ్లి అక్కా. మళ్లీ ఆవిరి లేచిందంటే నేనే గిరాకీ చూసి అమ్మేస్తా. నువ్వు మాతో రావాల."

"సరే," అంది అత్త. వాదించలేదు. దానికే నాకు భయమేసింది.

నాయన వెళ్లగానే నా వైపు తిరిగి, "ఆ నీతుల పేజీ తియ్యి," అంది.

తీశాను. కారు పరుగెత్తుతుంటే గాలి దానంతట అదే ముందున్న రేడియేటర్లోకి వస్తుంది, లోపలి నీళ్లను చల్లబరుస్తుంది. నిలబడితే ఫ్యాను ఒక్కటే దిక్కు. ఫ్యాను చుట్టూ సందులుంటే అది బయటి గాలిని లాగదు, ఇంజను దగ్గరి వేడిగాలినే మళ్లీ మళ్లీ తిప్పుతుంది. ఇంత చదివి నేను ఆగాను.

"కళ్లంలో తూర్పార పట్టేటప్పుడు గాలి పడిపోతే ఏం చేస్తాం?" అంది అత్త. "ఇద్దరు దుప్పటి పట్టుకుని విసరతారు. గాలి పక్కలకు చెదరకుండా తడిక అడ్డం పెడతారు. తడిక ఏదీ మన బండిలో?"

తడిక లేదు. పత్రికలో దాని బొమ్మ ఉంది, చిన్నది, మూలన. రేడియేటర్‌కూ ఫ్యానుకూ మధ్య దొప్పలాంటి రేకు. కొలతలు మన కారుకు సరిపడేలా నేను గీసిచ్చాను. మేస్త్రి నూనె పీపా రేకు కోసి, సుత్తితో వంచి, మూడుసార్లు పాడుచేసి, చివరికి సరిగ్గా చేశాడు. రేడియేటర్ తీసేసి లారీది పెద్దది పెట్టారు. ఎక్కుడు కోసం వెనక ఇరుసులో పళ్లచక్రాలు మార్చారు. పరుగు తగ్గింది, పట్టు పెరిగింది. సూపర్‌చార్జర్ మాత్రం దిగాలి, అది ఉన్నంతకాలం వేడి తప్పదు. మేస్త్రి స్పానర్ పట్టుకుని కదలడు.

"కిరీటం తీసేస్తా ఉండారమ్మా."

"తల నొప్పి పుట్టే కిరీటమయ్యా. నీకాడే ఉంచుకో, నీ షెడ్డుకు అందం."

బానెట్ కిటికీని మూసేస్తానన్నాడు. అత్త వద్దంది. వేడిగాలి పోవడానికి దారి ఉండనీ అని దానికి జల్లెడ బిగింపించింది. ఇక పరీక్ష. మిట్టమధ్యాహ్నం, ఉదయగిరి వీధుల్లో, అత్త గొడుగేసుకుని ముందు నడిచింది. ప్రతి గుమ్మం దగ్గరా ఆగింది, హారతి పట్టేంతసేపు నిలబడింది, మళ్లీ నడిచింది. వెనక భాయి ఆమె నడకకు తగ్గట్టు కారు నడిపాడు. "ఏంది పెద్దమ్మా, మేళం లేకుండా మెరవణి?" అని ఒకామె అరుగు మీద నుంచి కేకేసింది. "మేళం రేపు. ఈ పొద్దు ఒట్టి బండికే పెళ్లి," అంది అత్త, వెనక్కి చూడకుండా. ముల్లు సగంలో నిలబడిపోయింది. నేను కిటికీలోంచి చెయ్యి ఊపాను. ఆమె గొడుగు ఊపింది.

ఆ రోజుల్లోనే నేను మూడు ఉద్యోగాలకు దరఖాస్తులు పట్టుకుని ఆమె దగ్గర కూచున్నాను. బ్యాంకు గొప్పదని ఒకరు, టీచరు పని నెమ్మదని ఒకరు. ఏది మంచిదత్తా అంటే ఆమె చూపు ప్లగ్గు మీదే. "మంచిది ఏదని అడిగితే మూపురమే మంచిది. నువ్వు రోజూ ఏం చేస్తా ఉంటే నీకు పొద్దు పోతాదో చెప్పు, దాన్నిబట్టి చూద్దాం." ఆ ప్రశ్నకు జవాబు వెంటనే దొరకలేదు. రెండు ఉద్యోగాలు మారాను. ఇప్పుడు పాఠం చెప్పే పనిలో ఉన్నాను, పిల్లల చేత బల్లమీద వస్తువులు విప్పించి మళ్లీ బిగించే పాఠాలు. పొద్దు ఎలా పోతోందో తెలియడం లేదు. ఆమెకు ఆ మాట చెప్పగలిగాను. అది నాకు చాలు.

ఆఖరి అవకాశం అనుకున్న ఆ పెళ్లి ఎవరింటిదో అని మేము ఎదురు చూస్తుండగా భాయి వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. "మా అక్క కొడుకు షాదీ అమ్మా. ఉదయగిరిలోనే. బారాత్ మెరవణికి మన బండే."

"నీకు పిచ్చా భాయ్? మళ్లీ ఆవిరి లేస్తే మీవాళ్లలో నీ మొహం ఏడ పెట్టుకుంటావు?"

"మన బండి ఉండంగా నా మేనల్లుడు కావలి కార్లో ఎక్కితే అప్పుడు పెట్టుకోలేనమ్మా మొహం." నేల చూస్తూ అన్నాడు, "ఇంకోటి. మీరు ముందు సీట్లో కూచోవాల. ముల్లు చూసేదానికి."

"నేనా? పెళ్లికొడుకు బండిలోనా? తెలిసే అంటా ఉండావా?"

"మా ఇంటి పెళ్లి. మా ఇంట్లో ఆ పట్టింపులు లేవు. మా అక్కే చెప్పి పంపించింది. అమ్మ కూచోకపోతే మాకు బండే వద్దని చెప్పు, అని."

అత్త లోపలికి వెళ్లింది. చాలాసేపటికి ఉతికిన చీర మార్చుకుని వచ్చింది.

ఆ సాయంత్రం బజారు ఇరుకు. ముందు బ్యాండు, కుర్రాళ్ల చిందులు, షర్బతు గ్లాసుల పళ్లేలు. వెనక సీట్లో ముఖం నిండా పూలసరాలతో పెళ్లికొడుకు. ముందు, భాయి పక్కన, అత్త. నేను కారు పక్కనే నడుస్తున్నాను. రెండో వైపు మా నాయన. పిలవకపోయినా ఆత్మకూరు నుంచి వచ్చాడు. షర్బతిస్తే తీసుకోలేదు. ఆవిరి కోసమే చూస్తున్నాడు. కూడలిలో ఊరేగింపు ఆగిపోయింది. బ్యాండువాళ్లకు ఎవరో ఇంకో పాట చెప్పారు, దాని తర్వాత ఇంకోటి. ఇంజను తిరుగుతూనే ఉంది. కిటికీలోంచి తొంగి చూశాను. ముల్లు సగం దాటింది. ఇంకాస్త లేచింది. అత్త చెయ్యి నా మణికట్టు పట్టుకుంది.

ముల్లు అక్కడే నిలబడింది. ఎంతసేపు చూసినా అక్కడే.

నాయన ముందుకు వెళ్లి, బానెట్ జల్లెడ మీద అరచెయ్యి చాపాడు. వేడిగాలి ఆయన చొక్కా చెయ్యిని పైకి ఎగరేసింది. గాలే, ఆవిరి కాదు. అలాగే నిలబడిపోయాడు, కారుకు ఎదురుగా, చెయ్యి తీయకుండా, అక్క వైపు చూస్తూ. బ్యాండు కదిలింది. అత్త కిటికీలోంచి తల బయట పెట్టింది.

"ఒరే, పక్కకు జరగరా. బండి పోవాల."

ఆయన జరిగాడు. రెండడుగులు జరిగి, ఏమనుకున్నాడో, భుజం మీది కండువా తీసి చేతికి చుట్టుకుని కారు ముందుకు వచ్చాడు. "జరగండయ్యా, జరగండి, మా అక్క బండి వస్తా ఉండాది," అని జనాన్ని రెండు పక్కలకూ తప్పిస్తూ, మా నాయన వెనక్కి వెనక్కి నడుస్తున్నాడు. ఆయన అడుగుకు అడుగుగా ఆ లేత ఆకుపచ్చ కారు, దాని ముందు సీట్లో, కిటికీ మీద మోచెయ్యి ఆనించుకుని, మా అత్త.